అక్కడ గంట ముందు

ఇక్కడ రెండు కొట్టిందంటే అక్కడ మూడు. సముద్రానికి అవతల పొద్దు ఎప్పుడూ ఓ గంట ముందే నడుస్తుంది, ఇక్కడ ఎసరు పెట్టేసరికి అక్కడ అన్నం వార్చేసి ఉంటారు, ఇక్కడ మగ్గం ఇంకా ఆడుతుండగానే అక్కడ దీపాలు పెడతారు, కాబట్టి అప్ప ఏ పనైనా సమ్మమ్మ కంటే ముందే చేసేసి ఉంటుంది, పుట్టడంతో సహా. అక్కడ నాలుగింటికి ఓట్లు ఆపేస్తారని టీవీలో చెప్పారు. అంటే ఇక్కడ మూడింటికి. ఇంకొక్క గంట. వరంగల్ కాశిబుగ్గలో తన ఇంటి అరుగు మీద, గోడకు వీపు ఆనించి, ఒళ్లో ఫోను పెట్టుకుని సమ్మమ్మ కూర్చుంది. ఫోను మోగితే బాగుండు. మోగకపోయినా బాగుండు, మోగిందంటే ఏం వినవలసి వస్తుందో. మూడు రోజులుగా ఆ ఫోను మోగలేదు. మూడు రోజుల కింద తనే అప్పతో అన్నది కదా, పోకు అని. ఓటుకు పోకు, ఆ లైన్లో నిలబడకు అని. అప్పకు కోపం వచ్చింది. డెబ్బై దాటిన మనిషికి వచ్చే కోపం కాదది, ఇరవై ఏళ్ల పిల్లకు వచ్చే కోపం, అట్లా ఒక్కసారే పెట్టేసింది ఫోను. నిన్న సమ్మమ్మ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఇవాళ చేయడానికి చెయ్యి రావడం లేదు.

అప్ప అంటే అక్క. ఈ ముక్క వరంగల్‌లో ఎవరికి చెప్పినా నవ్వుతారు, అక్కను పట్టుకుని అప్ప ఏందే, తినే అప్పచ్చి లెక్క అంటారు. అది శ్రీకాకుళం దిక్కు మాట. తాతల కాలంలో బియ్యం మిల్లుల పనికని ఓడెక్కి బర్మాకు పోయినవాళ్లు బట్టల మూటల్లో ఆ మాటల్ని కూడా కట్టుకుపోయారు. మౌల్మీనులో నది ఒడ్డున తెలుగోళ్ల వాడలో అప్ప పుట్టింది, తర్వాత సమ్మమ్మ పుట్టింది, అప్పుడు సమ్మమ్మ కాదు, పైడి. పైడమ్మ అని అమ్మ పెట్టిన పేరు. కాశిబుగ్గకు కోడలిగా వచ్చినప్పుడు అత్తగారు ఆ పేరు పలకలేక కాదు, పలకడం ఇష్టం లేక, సమ్మక్క జాతర ఏడు వచ్చినవ్, నువ్వు సమ్మమ్మవే అన్నది, అంతే, రేషన్ కార్డులోనూ అదే ఎక్కింది. పైడీ అని పిలిచేవాళ్లలో అమ్మ పోయింది, నాన్న పోయాడు, ఇప్పుడు భూమ్మీద ఒక్క గొంతే మిగిలింది, ఆ గొంతు కూడా గంట ముందున్న ఊళ్లో ఉంది, మూడు రోజులుగా అలిగి ఉంది.

వీధి మొదట్లోంచి ఆటో వస్తోంది, మైకు కట్టుకుని. వరంగల్‌కు ఉప ఎన్నిక, ఇంకో పదమూడు రోజుల్లో. పొద్దున్నుంచి ఏదో ఒక పార్టీ పాట, డప్పు, మీ అమూల్యమైన ఓటు, మీ అమూల్యమైన ఓటు. అమూల్యమైన అనే మాట మైకులో ఎంత చవకగా వినిపిస్తుందో. దీపావళి మూడు రోజుల్లో ఉంది, పిల్లలు అప్పుడే టపాసులు పేలుస్తున్నారు, ఒక్కోటి ఢామ్మన్నప్పుడల్లా సమ్మమ్మ చెయ్యి ఫోను మీద బిగుసుకుంటోంది. టపాసే. టపాసే అది. ఎనుమాముల మార్కెట్‌కు పోయే పత్తి లారీ ఒకటి ఆటో వెనక ఇరుక్కుని హారన్ కొడుతోంది, దాని తాళ్ల సందుల్లోంచి దూది ఊడి కరెంటు తీగలకు అంటుకుంటోంది. ఎదురింటి రాజక్క పేపర్లో చుట్టిన బంతిపూల దండ పట్టుకుని వాకిట్లోకి వచ్చి అరుగు ముందు ఆగింది.

"ఏం సమ్మక్కా, ఫోన్ ముంగట పెట్టుకొని జపం జేస్తానవేంది?"

"ఇయ్యాల ఓట్లు గదనే."

"ఇయ్యాలనా! మనయి ఇరవై ఒకటికి గద! చీరెలు పంచుతాండ్రా ఏంది, మా దిక్కు ఎవ్వడు రాలే?"

"ఈడ గాదే. మా ఊళ్లె."

"మీ ఊరేడుంది? నీది కాశిబుగ్గనే గదా. గింత ముసల్దానివైనంక కొత్త ఊరు యాడికెళ్లి తెచ్చినవ్?" రాజక్క నవ్వుకుంటూ పోయింది, పోతూ పోతూ రెండు బంతిపూలు సమ్మమ్మ ఒళ్లో పడేసి పోయింది.

మీ ఊరేడుంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆమె నోట్లో నాలుక ఓ క్షణం ఆగుతుంది, యాభై ఏళ్లుగా ఆగుతూనే ఉంది. అక్కడున్నప్పుడు నాన్న మన దేశం మన దేశం అనేవాడు, ఆయనా చూడని దేశాన్ని. అక్కడి పిల్లలు ఆడుకుంటూ ఆడుకుంటూ కోపమొస్తే కలా అనేవాళ్లు. అంటే ఇండియావోళ్లు, నల్లోళ్లు, పరాయోళ్లు, ఆ ఒక్క మాటలో అన్నీ ఉండేవి. కలా అంటే పైడి ఏడ్చుకుంటూ ఇంటికి పరిగెత్తేది, అప్ప మాత్రం కొంగు దోపుకుని వీధిలోకి పోయి కలా అన్నవాడి చెవి మెలిపెట్టి వచ్చేది. తర్వాత ఇక్కడికి వచ్చి, పెళ్లై, పగలంతా మగ్గానికి కండెలు చుడుతూ, కిరాణా కొట్టు పొట్లాల కాగితాల మీద తనంతట తానే తెలుగు చదవడం నేర్చుకుంటున్నప్పుడు, ఒకరోజు చింతపండు కట్టిన కాగితం మీద ఆ మాటే కనబడింది. కల. ఎవరు రాశారు ఇక్కడ నన్ను? మొగుడు వెంకట్రాజం మగ్గం ఆపి, పిచ్చిదానా, కల అంటే నిద్రల వస్తది సూడు, గది, అన్నాడు. నిద్రలో వచ్చేది. ఆ కాగితాన్ని మళ్లీ చదివింది. ఒక దేశంలో తిట్టు ఇంకో దేశంలో ఇంత మంచి మాట ఎట్లా అయిందో.

చదువుకోవడం కూడా తిన్నగా రాలేదు. బర్మా బడిలో రెండు మూడేళ్లు గుండ్రటి అక్షరాలు దిద్దింది, ఇక్కడి అక్షరాలూ గుండ్రంగానే ఉంటే చుట్టాలే అనుకుంది. ఇక్కడి గ దాదాపు అక్కడి గ లాగే ఉంది, నెత్తిన తలకట్టు ఒక్కటే ఎక్కువ. కానీ సున్న దగ్గర మోసపోయింది. అక్కడ సున్న అంటే వ. అందుకని అంగడిని అవగడి అని చదివింది, వరంగల్‌ను వరవగల్ అని చదివింది, బస్సు బోర్డు చూసి, ఇదేం ఊరయ్యా వరవగల్, మనం పోయేది వరంగల్ కదా అని అందరి ముందూ అడిగితే బస్సంతా నవ్వింది, వెంకట్రాజం మాత్రం నవ్వలేదు, వరవగలే, మనం ఆడికే పోతానం, ఎక్కు, అన్నాడు. మంచివాడు. పోయి కూడా ఆరేళ్లైంది. అందరూ పోయినవాళ్లే ఆమెకు. నిలబడి పోయినవాళ్లు, పడుకుని పోయినవాళ్లు, ఓడ మీంచి చూస్తుండగా చిన్నగా చిన్నగా అయిపోయి పోయినవాళ్లు.

అప్ప అట్లా పోయింది. కాదు, అప్ప పోలేదు, పోయింది తను. అప్ప ఎక్కడిదక్కడే నిలబడి ఉంది. కొత్త సర్కారు దుకాణాలు, మిల్లులు అన్నీ తీసుకుని మీ దేశానికి మీరు పొమ్మన్న ఏడు అది. అప్పటికే అప్ప పడవలు నడిపే టిన్ అనే బర్మా పిల్లగాణ్ని చేసుకుని ఉంది, నాన్న దానితో మాటలు మానేసి ఉన్నాడు. రంగూను రేవులో అందరూ ఓడెక్కుతుంటే అప్ప కింద నిలబడింది, కడుపుతో ఉంది. ఓడ మీదికి ఎక్కే మెట్ల దగ్గర లైను. ఎంత పొడుగు లైను, మూటలు, ముసలివాళ్లు, ఏడ్చే పిల్లలు, ఆ లైను ముందుకు జరిగినకొద్దీ అప్ప వెనక్కి పోయింది. అందుకే సమ్మమ్మకు లైన్లంటే భయం. రేషన్ షాపు దగ్గర కూడా చివర్న నిలబడుతుంది, నిలబడి వెనక్కి చూస్తుంటుంది. లైను అంటే ఆమెకు ముందు ఏమొస్తుందో అని కాదు, వెనక ఎవరు మిగిలిపోతున్నారో అని.

"అత్తా, జర చాయ్ తాగు. అన్నం గూడ సగమే తిన్నవ్." కోడలు పద్మ గ్లాసు తెచ్చి అరుగు మీద పెట్టింది. లోపల టీవీ సౌండు తగ్గించి నడుస్తోంది. "నేను కొట్టనా ఫోన్, పెద్దత్తకు?"

"వద్దు వద్దు. లైన్ల ఉంటె మోగి పోలీసులు సూస్తే?"

"ఫోన్ మోగితె పోలీసులేమంటరత్తా?"

"నీకు దెల్వదు."

పద్మకేం తెలుసు. అక్కడ ఫోను మోగడం కాదు, తలుపు మోగితే గుండెలు జారిన రోజులున్నాయి. అప్ప కొడుకు సిన్నోడు, ఆ రేవులో కడుపులో ఉన్నవాడే, కాలేజీ మాస్టరయ్యాక ఊళ్లో పిల్లలంతా వీధుల్లోకి వచ్చిన ఏడు వాడూ జెండా పట్టుకుని వాళ్లతో పోయాడు. తుపాకులు పేలాయి. ఆ రాత్రే నది దాటి, కొండలు దాటి సరిహద్దు అవతలికి పోయాడని ఎవరో వచ్చి చెప్పారు. బతికే ఉన్నాడని అప్ప అంటుంది. థాయిలాండులో చేపల పడవల మీద ఉన్నాడని ఒకరు, కొండల్లో బడి పెట్టాడని ఒకరు. ఆ తర్వాత రెండేళ్లకు ఓట్లు వస్తే అప్ప పోయి ఓటేసింది, గెలిచినవాళ్లను గద్దె ఎక్కనివ్వలేదు, జైలుకు పంపారు. పాతికేళ్లు. అప్పటినుంచి ఇదే మళ్లీ అసలైన ఓటు అంటున్నారు, లోకమంతా చూస్తోందట. ఈపాలి సర్కారు మారితే వాడొచ్చేస్తాడే గుంటా, అన్నది అప్ప మూడు రోజుల కింద, అరవై ఐదేళ్ల దాన్ని పట్టుకుని చిన్నపిల్లను పిలిచినట్టు గుంటా అనే మనిషి ఇంకెవరున్నారు, తలుపుకి రంగేయించాను, వాడికి ఆకుపచ్చంటే ఇష్టం అన్నది. ఆ రంగు మాటే సమ్మమ్మను భయపెట్టింది. ఇంత ఆశ పెట్టుకున్న మనిషికి ఏమవుతుంది? ఉండబట్టలేక ఆ ఫోన్లోనే అనేసింది.

"నువ్ పోకప్పా. ఒకసారి ఏసినవ్ గదా, ఏమొచ్చింది? గెలిచినోళ్లను జేల్ల ఏసిండ్రు."

"ఏసినాను. మల్లీ ఏస్తాను. నీకేటి, ఐదేల్లకోపాలి ఇంటికొచ్చి దండమెట్టి మరీ అడుగుతారు. నాకు పాతికేల్లయిందే."

"పాణం కంటె ఎక్కువనా?"

"ఏటా బాస, సగం తురకం సగం తెలుగూ! నీకెప్పుడూ బయ్యమే. ఆ బయ్యం నాకంటించకు. ఫోనెట్టీస్తన్నాను."

బయ్యం. అవును, భయమే. భయపడి భయపడే కదా ఇంతవరకు బతుక్కొచ్చింది. పిల్లల్ని డోర్నకల్ పెళ్లికి రైలెక్కించినా, వాళ్లు దిగి ఫోను చేసేదాకా దేవుడి ముందు కూర్చునే మనిషి. భయం ఒక పని ఆమెకు, కండెలు చుట్టడం లాగా, చేస్తూ ఉంటే బతుకు ఆగిపోదు. కానీ అప్ప ఎప్పుడూ అట్లా కాదు. వాన్లో నదిలోకి దూకేది. నాన్నకు ఎదురు నిలబడింది. ఒక్కర్తే అక్కడ ఉండిపోయింది. అలాంటి మనిషి, ఒకవేళ, ఒకవేళ ఈసారి తన మాట విని ఉంటే?

"అత్తా, అత్తా, దా! మీ ఊరు జూపెడ్తాండ్రు!"

సమ్మమ్మ ఫోనుతో సహా గడప దాకా పోయింది. బంగారం ధరకూ, ఉప ఎన్నిక ప్రచారానికీ మధ్య ఒక్క తునక. మయన్మార్ అని రాసి ఉంది కింద, ఆ పేరుకు ఆమె ఇంకా అలవాటు పడలేదు. పొడుగాటి లైను. తుపాకులు లేవు. గొడుగులు. చెంపలకు చెట్టు బెరడు గంధం గుండ్రంగా పూసుకున్న ఆడవాళ్లు, చేతుల్లో టిఫిన్ క్యారియర్లు. ఓటేసి వచ్చి లైను పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్న ఒక ముసలామె, జుట్టు నడినెత్తిన ముడేసుకుని, కెమెరా వైపు చూసి బోసినోటితో నవ్వింది, వేలు ఎత్తి చూపించింది, చిటికెన వేలు గోరు దాకా నల్లగా. అప్ప కాదు. అప్ప కాదు, అయినా కళ్లు ఆ ముసలామె పక్కన, వెనక, గొడుగుల కింద వెతికాయి. అది రంగూను అయి ఉంటుంది, మౌల్మీను ఎక్కడ, అది తెలిసీ వెతికాయి. బంగారం వచ్చేసింది. ఇరవై రెండు క్యారెట్లు.

ఎంత నిమ్మళంగా ఉన్నారు వాళ్లు. పెళ్లికి వచ్చినట్టున్నారు. ఆ లైన్లో అప్ప లేకపోతే? గోడకు ఆనుకుని సమ్మమ్మ మళ్లీ అరుగు మీద కూలబడింది. ఆకుపచ్చ తలుపు వేసుకుని, చెల్లెలు వద్దన్నదని, లోపల మంచం మీద కూర్చుని ఉంటే? ఊరు ఊరంతా నల్ల వేళ్లు ఎత్తుకుని తిరుగుతుంటే, అప్ప వేలు మాత్రం తెల్లగా ఉంటే? రేపు సిన్నోడు వచ్చి అమ్మా నువ్వు ఏశావా అని అడిగితే, లేదురా, మీ పిన్నికి బయ్యం, అంటుందా? మూడు రోజులుగా అప్ప ఓటుకు పోతుందేమో అని భయపడింది. ఇప్పుడు పోలేదేమో అని భయపడుతోంది. అమ్మా సమ్మక్కా, సారలమ్మా, ఇన్నేళ్లలో నా మాట ఎవరూ వినలేదు, మొగుడు వినలేదు, కొడుకు వినలేదు, ఈ ఒక్క మాట కూడా గెలవనీయకండి. అప్పను విననీయకండి. కాళ్లు ఉన్నాయి దానికి, పోనివ్వండి.

లోపల గోడ గడియారం మూడు కొట్టింది. అక్కడ నాలుగు. అయిపోయింది. తలుపులు మూసి ఉంటారు. వీధిలో ఆటో మళ్లీ తిరిగి వస్తోంది, అమూల్యమైన, అమూల్యమైన అంటూ. చాయ్ మీద మీగడ కట్టింది. అయిపోయింది అనుకున్నాక భయం కూడా లేదు, ఒళ్లంతా ఖాళీ మగ్గంలా ఉంది.

ఫోను మోగింది.

ఏ బొత్తం నొక్కాలో మరిచిపోయింది. పద్మ పరిగెత్తుకొచ్చి పచ్చగా ఉన్నదాన్ని పక్కకు జరిపి చెవి దగ్గర పెట్టింది. అవతల గోల, జనం గోల, ఎవరో బర్మా భాషలో కేక వేస్తున్నారు, జరగండి, జరగండి, అని. అర్థమైంది ఆమెకు, యాభై ఏళ్ల తర్వాత.

"పైడీ! ఇనిపిస్తందేటే?"

"అప్పా! ఏడున్నవ్ అప్పా? ఓట్లైపోయినయ్ గదా!"

"ఎక్కడైపోనాయి! గేటేసినారు గానీ లోపలున్నోల్లందరికీ ఇస్తారంట. లైన్లో ఉన్నాను. నీ మాటకి మద్దేనం దాకా ఇంట్లో కూకున్నాను తెలుసా? నీ బయ్యం అంటుకుంది నాకు. అన్నం ముద్ద దిగలేదు. అప్పుడు లెగిసొచ్చీసినాను." అప్ప ఆయాసపడుతోంది, నవ్వుతోంది. "కాల్లు పీకెత్తన్నాయే. నా ముందు సానామంది ఉన్నారు. నువ్వొకదానివే ఉన్నావేటి? మాటాడు. మాటాడుతుంటే నిలబడగలను."

సమ్మమ్మ అరుగు దిగి నిలబడింది. కూర్చుని ఎట్లా మాట్లాడుతుంది, అప్ప నిలబడి ఉండగా.

"నిలవడ్డనప్పా," అన్నది. "నేను గూడ నిలవడ్డ."

"మంచిది. అడుగెయ్యి. జరిగినారు."

సమ్మమ్మ అడుగు వేసింది. పద్మ నోరు తెరుచుకుని చూస్తోంది. "ఏందత్తా, ఎటు పోతానవ్?" సమ్మమ్మ చెయ్యి ఊపి ఊరుకోమంది. అక్కడ ఎండ ఉందా అని అడిగింది. పొద్దు దిగిపోతంది, సల్లగుంది అన్నది అప్ప. ముందు ఎవరున్నారని అడిగింది. కొత్త పెళ్లికూతురు, దాని ముందు బౌద్ధ సన్నాసుల మఠంలో వంట చేసే ముసలాయన, ఆ ముసలాయనకి నాను స్టూలిచ్చినాను, నా దగ్గరే ఉండాల్సింది అన్నది. జరిగినారే, అన్నది. ఇంకో అడుగు. నిన్ను ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడిగింది. ఆ గేటు కాడ పోలీసు కుర్రోడు, నానేటో అంటాడనుకున్నాను, అమ్మమ్మా నీల్లు తాగుతావా అన్నాడే, అన్నది అప్ప, ఆ మాట రెండుసార్లు చెప్పింది. జరిగినారు. ఇంకో అడుగు. అరుగు దాటి, వేపచెట్టు దాటి, నీళ్ల కుండీ దాటి, సమ్మమ్మ వాకిట్లో నడుస్తోంది, ఒక్కో అడుగే, మధ్యమధ్యలో ఆగుతూ, నిండు లైన్లో నడిచినట్టు, ముందున్న వాళ్ల మడమలు తగలకుండా. వీధి తలుపు దాకా వచ్చింది. వెనక్కి చూడలేదు.

"పైడీ. తలుపు కాడికొచ్చీసినాను. ఫోనాపీమంటన్నారు." జనం గోల తగ్గింది, ఏదో హాలు లోపలి నిశ్శబ్దం, కుర్చీ జరిపిన చప్పుడు. అప్ప గొంతు చిన్నదైపోయింది, చిన్నపిల్ల గొంతు లాగా. "ఎల్లొస్తానే గుంటా."

"పోయిరా అప్పా," అన్నది సమ్మమ్మ.

చెవికి ఫోను అట్లాగే ఆనించుకుని, వీధి తలుపు పట్టుకుని నిలబడింది. పద్మ దగ్గరికొచ్చి ఆమె మొహంలోకి చూసింది.

"ఏమైందత్తా? కట్టయిందా?"

"కట్టు గాలే," అన్నది సమ్మమ్మ. "లోపటికి పోయింది."